ఆంజినమ్మ పై పన్ను

ఆ పొద్దున కూడా ఆంజినమ్మ వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని సంగటి తింటూ ఉంది. కోడలు రేఖ గడప దగ్గర నిలబడి ఆ వీపును చూస్తూ ఉంది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఆ పిల్ల అత్త మొహం చూసినదానికన్నా వీపు చూసిందే ఎక్కువ.

“అత్తా, ఉగ్గాని చేసినా. మిరపకాయ బజ్జీలు కూడా ఏసినా. రెండు పెట్టేదా?”

“వద్దులేమ్మే. నాకు సంగటి చాలు.”

“రోజూ సంగటేనా? ఒక్కసారి రుచి చూడరాదా?”

“చెప్తి కదా, చాలని. నువ్వు తినుపో, ఆరిపోతాది.”

రేఖ ప్లేటు తీసుకుని ముందర గదిలోకి పోయి, టీవీ పెట్టుకుని, దాని ఎదురుగా ఒక్కతే కూర్చుంది. ఆ ఇంట్లో పగలంతా ఉండేదే ఇద్దరు. ఆ ఇద్దరికీ చెరొక మూల.

సంగటి సంగతి తెలియని వాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా సీమలో రాగి సంగటిని ఎవరూ నమలరు. ముద్ద తుంచి, పులుసులో అద్ది, గొంతులోకి జారవిడుస్తారు. ఎవడైనా నమిలాడా, అయిపోయాడే! “ఏమప్పా, నెమరేస్తాండావే” అని ఊరంతా ఎగతాళి. అందుకే సంగటి తినే మనిషిని చూసి, నోట్లో పళ్ళు ఎలా ఉన్నాయో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఆంజినమ్మ ఆ సంగటి చాటున ఏడాదికి పైగా ఒక పంటినొప్పిని దాచుకుంటూ వస్తోంది.

పైదవడలో, ఎడమపక్క, వెనకాల ఉంది ఆ పన్ను. మొదట చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. తర్వాత వేడి తగిలినా ప్రాణం పోయేది. లవంగం పెట్టుకుంది. పొగాకు అదిమింది. జిల్లేడు పాలు రాసి చిగురంతా పొక్కించుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే కొడుకు డాక్టరు దగ్గరికి లాక్కుపోతాడు, డాక్టరు పీకేస్తాడు. పై పన్ను పీకితే కన్ను పోతుంది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. ఆంజినమ్మయితే కళ్ళారా చూసింది.

ఆమె పెళ్ళీడులో ఉండగా, వయసు మళ్ళిన వాళ్ళమ్మ రామసుబ్బమ్మ సంతలో చాప పరుచుకుని కూర్చునే వాడి దగ్గర పై పన్ను పీకించుకుంది. ఇద్దరు మగవాళ్ళు చేతులూ కాళ్ళూ అదిమిపట్టుకున్నారు. పక్కన నిలబడి ఆ అరుపులు విన్నది ఆంజినమ్మ. ఆ తర్వాత కొన్నాళ్ళకు అమ్మకు చూపు పోయింది. పోయేదాకా ఆ ముసలిది గోడకానుకుని కూర్చుని, అడుగుల చప్పుడు వినపడితే చాలు, “ఎవురది? ఎవురూ?” అని అడిగేది. పనుల్లో పడి చాలాసార్లు ఎవరూ పలికేవాళ్ళు కాదు. ఆంజినమ్మ కూడా పలకలేదు. నొప్పిని ఎంతైనా ఓర్చుకుంటుంది గానీ, తానూ ఒకనాడు అట్లా గోడకానుకుని పిలుస్తూ కూర్చోవడం మాత్రం ఆమె వల్ల కాదు.

అసలే ఆ ఏడు వాన మొహం చాటేసింది. వేసిన చెనిక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. కూడేరు దగ్గరి ఆ పల్లెలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. జనం కట్టడం పనులకని బెంగళూరు పోయారు. ఆంజినమ్మ మొగుడు పోయి చాలా కాలమైంది. కొడుకు కేశవ ఆర్టీసీ కండక్టరు, అనంతపురం నుంచి బెంగళూరు సర్వీసు. ఒక రాత్రి అక్కడ, ఒక రాత్రి దారిలో. ఇంట్లో ఉన్న పూట నిద్ర. హిందూపురంలో అక్కచెల్లెళ్ళ మధ్య గలగలా మాట్లాడుతూ పెరిగిన రేఖ ఈ ఇంట్లో ఎవరితో మాట్లాడాలి, దొడ్లో పాలిచ్చే ఎనుముతోనా?

అత్తకు సంగటంటే ఇష్టం కదా, జొన్నరొట్టె కూడా ఇష్టముంటుందేమో అనుకుంది పాపం. ఊళ్ళో ఫోను ఉన్న అంగడికి పోయి, తల్లికి ఫోన్ చేసి, పిండి ఎట్లా కలపాలో అడిగి తెలుసుకుంది. సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు తట్టింది. రెండు విరిగాయి, ఒకటి మాడింది, వేళ్ళు బొబ్బలెక్కాయి. గుత్తివంకాయ కూరతో కలిపి తట్టలో పెట్టి అత్తకిచ్చింది. ఆంజినమ్మ ఆ రోజు వద్దనలేదు. “ఆడ పెట్టు, తర్వాత తింటా” అంది. రేఖకు ఎంత సంతోషమో! ఆ రాత్రి టీవీ కూడా పెట్టలేదు.

తెల్లారి కుడితి పోద్దామని ఎనుము దగ్గరికి పోతే, తొట్టిలో రొట్టెలు తేలుతున్నాయి. ఒక్క తుంట కూడా తుంచలేదు.

కేశవ అప్పుడే డ్యూటీ దిగి వచ్చి ఖాకీ చొక్కా విప్పుతున్నాడు. రేఖ తడిసిన రొట్టెను అట్లాగే చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది.

“మీ అమ్మను మీరే అడగండి. నేను కాల్చిన రొట్టెలు ఎనుము తొట్లోకి ఎట్ల పోయినాయో అడగండి!”

“ఎక్కువైనాయని ఏసినా,” అంది ఆంజినమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

“ఎక్కువైనాయా? నువ్వు తాకితే కదా అత్తా, ఎక్కువయ్యేది తక్కువయ్యేది! నేను చేసింది తినవు. నా పక్కన కూర్చోవు. నేను దగ్గరికొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటావు, నేనేదో కంపు కొట్టినట్ల. నా చేతి కూడు గొడ్డుకు తప్ప మనిషికి పనికిరాదా?”

“అబ్బబ్బా!” కేశవ తల పట్టుకున్నాడు. “రాత్రంతా బస్సులో నిలబడి వచ్చినా. ఒక రొట్టె కాడ ఇంత రచ్చనా?”

“రొట్టె కాదు!” రేఖ చేతిలోది కింద పడేసింది. “ఈ ఇంట్లో నేను ఉండానో సచ్చినానో ఎవురికీ పట్టదు. నన్ను హిందూపురంలో దించి రండి. మీరు టౌనులో రూము చూసినప్పుడు పిలవండి, వస్తా. ఈడ ఇంకొక దినం ఉండలేను నేను.”

కేశవ తల్లివైపు చూశాడు. “ఏమ్మా, ఒక్క మాటన్నా చెప్పవేం? ఏం పాపం చేసింది ఆ పిల్ల?”

రేఖ గూట్లోంచి తన బట్టల పెట్టె దించడం చూసింది ఆంజినమ్మ. కోడలు పోతుంది. కొన్నాళ్ళకు కొడుకూ రూము చూసుకుంటాడు. ఇక తానూ, ఈ గోడా. పన్ను సంగతి చెప్దామా అనుకుంది. చెప్తే కన్ను పోతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. దేవుడా, ఎటుపోయినా ఆ గోడేనా!

“రొట్టె ఇంకా ఉండాదా?” అంది హఠాత్తుగా.

“ఏమి?”

“ఉంటే ఒకటి తేమ్మే. తింటా. నీ కండ్ల ముందరే తింటా.”

రేఖ బిత్తరపోయి, మిగిలిన రొట్టె తెచ్చిచ్చింది. ఆంజినమ్మ మొదటిసారి గోడకు వీపు పెట్టి, కొంగు చెంప మీదికి లాక్కుని, ఇద్దరి ఎదురుగా కూర్చుంది. రాత్రి రొట్టె, ఆరి చెక్కలాగా అయింది. ముక్క తుంచి కుడిపక్క పెట్టుకుని నమిలింది. ఒకటి మింగింది. రెండో ముక్క జారి ఎడమపక్కకు పోయింది. అంతే, “అమ్మా!” అని చెంప పట్టుకుని పక్కకు వాలిపోయింది. కొంగు జారింది. ఎడమ చెంప బూరెలాగా ఉబ్బి, ఎర్రబడి, కంటి కింద దాకా వాచిపోయి ఉంది.

“అయ్యో, ఇదేంది అత్తా!” రేఖ అత్త పక్కన కూలబడింది. “ఎన్ని దినాల నుంచి ఇట్ల?”

“నువ్వు రాకముందు నుంచీ.” ఆంజినమ్మ ఏడుస్తూనే చెప్పింది. పన్ను సంగతి, లవంగం సంగతి, అమ్మ కన్ను సంగతి, అంతా చెప్పింది.

కేశవకు జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. మగవాళ్ళకు అట్లా వస్తే కోపమే ముందు బయటపడుతుంది. “కన్ను పోదు, గిన్ను పోదు! లెయ్. ఇప్పుడే పోయి పీకిచ్చేద్దాం,” అని రెక్క పట్టుకుని లేపాడు.

“ఇడువురా! నన్ను గుడ్డిదాన్ని చేస్తావేమిరా!” ఆంజినమ్మ వాకిలి చెక్కను రెండు చేతులతో కరుచుకుంది.

“చేతులు కట్టేసన్నా తీస్కపోతా!”

“ఇడవండి ఆమెను!” రేఖ మొగుడి చెయ్యి లాగేసింది. “సంతలో వాళ్ళమ్మకు చేసిందీ అదే కదా. చేతులు కట్టేస్తే ఎవురొస్తారు?” తర్వాత అత్త పక్కన కూర్చుని మెల్లగా అంది. “పీకించేకి కాదు అత్తా. ఊరికే చూపిద్దాం. పీకుతామంటే లేసి వచ్చేద్దాం. నేను పక్కనే ఉంటా.”

“నువ్వు హిందూపురం పోతానంటివే.”

“ముందు ఇది కానీ. తర్వాత పోతా.”

ఆ ‘తర్వాత పోతా’ అనే మాట ఆంజినమ్మకు పంటికన్నా ఎక్కువ సలిపింది.

అనంతపురంలో టవర్ క్లాక్ దాటి లోపలి వీధిలో పంటి డాక్టరు ఈశ్వరి ఆసుపత్రి. గదిలో పెద్ద కుర్చీ, పైన లైటు, పక్కన ట్రేలో మిలమిలలాడే సామాన్లు. ఆంజినమ్మ వాటిని చూడగానే వరండాలోనే నిలబడిపోయింది. “నేను లోపలికి రాను” అంది. కేశవ విసుక్కోబోయాడు గానీ, డాక్టరమ్మే బయటికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆంజినమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, పక్కనే తానూ కూర్చుని, రెండు చేతులూ తిప్పి చూపించింది.

“చూడండమ్మా, నా చేతిలో ఏమీ లేదు. లోపలికి రావద్దులే. ఈడనే మాట్లాడుకుందాం. మాది ధర్మవరం. మీదేవూరు?”

ఊరు చెప్పింది ఆంజినమ్మ. ఎనుము సంగతి చెప్పింది, వాన సంగతి చెప్పింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. చివరికి ఆమే అడిగింది. “దేనికమ్మా భయం? సూదికా, నొప్పికా?”

“కన్ను పోతాదని తల్లీ. మా అమ్మకు పోయింది.”

కేశవ నవ్వబోయాడు. డాక్టరమ్మ ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకున్నాడు. ఆమె మాత్రం నవ్వలేదు. “ఎట్ల పోయింది? చెప్పండి” అంది.

“పీకిచ్చుకున్న ఏడే ఈ పక్క కన్ను మసకేసింది. తెల్లగా పొర మాదిరి వచ్చింది. తర్వాత ఏమీ కనపళ్ళేదు.”

“రెండో కన్నో?”

“అదీ పోయింది, కొన్నేండ్లకు. అట్లాగే తెల్లగా పొర.”

“ఆ పక్క పన్ను కూడా పీకిచ్చిందా అమ్మ?”

ఇన్నేళ్ళలో ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు, తానూ వేసుకోలేదు. “ల్యా,” అంది ఆంజినమ్మ. “ఆ పక్క ఏమీ పీకల్యా.”

“ఆ పొర వయసుతో వస్తాదమ్మా. శుక్లమంటాం. పన్ను పీకినా వస్తాది, పీకకున్నా వస్తాది. ఇప్పుడైతే ఆపరేషన్ చేసి తీసేస్తారు. అప్పుడు మీ అమ్మకు చెప్పేవాళ్ళు లేకపోయిరి.”

“తెల్సింది తల్లీ.” ఆంజినమ్మ కళ్ళు తుడుచుకుంది. “తెల్సినా భయం పోల్యా.”

“పోకపోతే ఏమి? దాన్నీ ఎంట తెచ్చుకోండి. దానికీ ఒక కుర్చీ ఏస్తాం.”

ఆంజినమ్మకు వాచిన చెంపతోనే నవ్వొచ్చింది. ఆ రోజు డాక్టరమ్మ ఏమీ పీకలేదు. చేతికి అద్దమిచ్చి, “మీరూ చూడండి నాతోపాటు” అంటూ టార్చి వేసింది. “చెయ్యెత్తితే ఆపేస్తా” అని మాటిచ్చింది. ఆంజినమ్మ వెంటనే చెయ్యెత్తింది. ఆపింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఎత్తింది. మళ్ళీ ఆపింది.

“నొప్పి పుట్టిందా?”

“ల్యా. ఆపుతావో లేదోనని చూసినా.”

“ఎన్నిసార్లన్నా చూడండి” అంది డాక్టరమ్మ. చీము పట్టింది, ఆ పన్ను ఇక నిలవదు, వాపు తగ్గాక తీయాలి అని ఉన్నదున్నట్టు చెప్పింది. “మీరు సరే అంటేనే. ఆలోచించుకుని రండి” అని మాత్రలిచ్చి పంపింది.

వాపు తగ్గడానికి వారం పట్టింది. ఆ వారమంతా రేఖ అత్తకు జావ కాచిచ్చింది, ఉప్పునీళ్ళు కాచిచ్చింది. పుక్కిలించేటప్పుడు చెంబు పట్టుకుని నిలబడింది. కానీ ఎక్కువ మాట్లాడలేదు. గూట్లోంచి దించిన పెట్టె మళ్ళీ పైకి పెట్టనూ లేదు. ఆంజినమ్మ రోజూ ఆ పెట్టె వైపు చూసేది. వారం చివర, “పోదాం పాపా, అయిందేదో కానీ” అంది తనే. కేశవకు డ్యూటీ పడింది. అత్తాకోడళ్ళే బస్సెక్కారు.

ఈసారి కుర్చీ దాకా నడిచింది గానీ, కూర్చోగానే కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంది. “కండ్లు మూసుకోనా తల్లీ?”

“వద్దు. చూపు పోతాదనే కదా భయం? తెరిచే ఉంచండి. నేను పని చేసినంతసేపు దేన్నో ఒకదాన్ని చూస్తా ఉండండి. కనపడతాంటే చూపు ఉన్నట్లే కదా. ఏం చూస్తారు? కిటికీనా? క్యాలెండరులో దేవున్నా?”

ఆంజినమ్మ చుట్టూ చూసింది. “ఆ పిల్లను నిలబెట్టు” అంది.

రేఖ వచ్చి కాళ్ళ దగ్గర నిలబడింది. డాక్టరమ్మ చేసేదంతా ముందే చెబుతూ చేసింది. ఇప్పుడు చీమ కుట్టినట్టుంటుంది, ఇప్పుడు చెంప మొద్దుబారుతుంది, ఇప్పుడు లాగినట్టుంటుంది అని. ఆంజినమ్మ రెప్ప వేస్తే ఎక్కడ చీకటైపోతుందోనని రేఖ మొహాన్నే పట్టుకుని చూసింది. వేరే పని లేదు, చూడడం తప్ప.

చూడగా చూడగా ఆ మొహం కనపడింది. పెళ్ళినాడు పేలాల్లాగా నవ్వుతూ వచ్చిన గుండ్రటి మొహం కాదిది. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళ కింద నలుపు. మెడ కింద ఎముకలు తేలాయి. రవిక భుజాల మీద వదులుగా వేలాడుతోంది. చీర కొంగు నలుపుతున్న వేళ్ళ మీద బొబ్బల మచ్చలు, ఆ రొట్టెలు తట్టినవి. ఎప్పుడైంది ఈ పిల్ల ఇట్లా? నా ఇంట్లోనే కదా, నా వెనకాలే కదా అయింది! అయ్యో, నేను ఒక్కనాడన్నా తిరిగి చూడలేదే! ఆంజినమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కణతల మీదుగా కారిపోయాయి.

డాక్టరమ్మ వెంటనే ఆగింది. “నొప్పా అమ్మా?”

కాదని తలూపింది.

“భయమా?”

అదీ కాదంది. డాక్టరమ్మ ఆమె చూపు ఎటుందో చూసింది, రేఖను చూసింది. కాస్త ఆగి, మెల్లగా మొదలుపెట్టింది. పన్ను ఎప్పుడు వచ్చిందో ఆంజినమ్మకు తెలియనే లేదు. “అయిపోయింది, చూడండి” అంటే ట్రేలో ఇంత ముక్క. దీనికోసమా ఏడాది! గాయం మీద దూది పెట్టి కరుచుకోమంది డాక్టరమ్మ. అది తీసేదాకా మాట్లాడొద్దని చెప్పింది.

ఇద్దరూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. అత్త మాట్లాడలేదు కాబట్టేమో, రేఖకు మాటొచ్చింది.

“నేను టీవీ పెట్టేది చూసేకి కాదు అత్తా. మనిషి గొంతు వినపడాలని. మధ్యాహ్నం పూట మన వీధిలో కుక్క కూడా అరవదు. నువ్వు ఇంట్లోనే ఉంటావు, అయినా ఒక్కదాన్నే ఉన్నట్లుంటాది. నా మీద అసయ్యమనుకున్నా. నా చేతి వంట మీద అసయ్యమనుకుని, నేను కూడా తినడం మానుకున్నా. పన్ను నొప్పని ఒక్క మాట చెప్పింటే, రొట్టె పాలల్లో నానబెట్టి పెట్టేదాన్ని కదా అత్తా.”

ఆంజినమ్మ దూది కరుచుకునే, కోడలి చేయి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. డాక్టరమ్మ వచ్చి చూసి, రక్తం ఆగిందని దూది తీసేసింది. చల్లటిది ఏమైనా తాగండి అని చెప్పి లోపలికి పోయింది.

“హిందూపురం పోవాకు బిడ్డా,” అంది ఆంజినమ్మ, మొద్దుబారిన పెదవులతో. “నా భయం నేను చూసుకున్నానే గానీ, నిన్ను చూడల్యా. మా అమ్మ పిలిస్తే పలకలేదు. నువ్వు గడపకాడ నిలబడితే తిరగలేదు. ఇంత చిక్కిపోయినావే! పొద్దున ఏమన్నా తిన్నావా?”

రేఖ లేదని తలూపింది.

“నీకేమిష్టమే తినేకి? ఇంటికి పోయి నేను చేసిపెడ్తా. చెప్పు.”

ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ రేఖను ఆ మాట ఎవరూ అడగలేదు. అత్త భుజం మీద తల పెట్టి, వరండాలో జనమంతా చూస్తుండగానే, చిన్నపిల్లలాగా వెక్కివెక్కి ఏడ్చేసింది.

“చెప్పు పాపా,” అంటూ ఆంజినమ్మ ఆ పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది. “చెప్పు, వింటాండా.”